పద్దు రాసి రాజ్యమేలిన కంపెనీ

చంపావతి తీర చరిత్రలు: తొమ్మిదో భాగం

గత భాగం బొబ్బిలి కోట దగ్గర ఆగింది. 1757 జనవరి 24న కోట పడిపోయింది. మూడో రాత్రి, రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజును ఆయన గుడారంలోనే పొడిచి చంపాడు. బుర్రకథ అక్కడితో అయిపోతుంది. సినిమా కూడా అక్కడే తెర దించేస్తుంది. కానీ ఆ గుడారంలో పోయినాయనకు ఒక వారసుడున్నాడు. ఆ వారసుడి చేతికి సైన్యంతో పాటు ఒక చిక్కుముడి కూడా వచ్చింది. ఈ భాగం దాని గురించే.

ఆ వారసుడు ఆనందరాజు గద్దెనెక్కేనాటికి ఈ ప్రాంతం ఎవరిది? ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. పైన ఢిల్లీ పాదుషా పేరు. ఆ పేరు మీద హైదరాబాదులో సుబేదారు. సుబేదారు కింద శ్రీకాకుళంలో ఫౌజుదారు. ఆయన కింద విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి సంస్థానాలు. వాటి కింద కొండల్లో ముఠాదారులు. ఈ వరస మధ్యలోకి 1753లో ఒక వర్తక సంఘం వచ్చి కూచుంది. తన గద్దెను నిలబెట్టిన ఫ్రెంచి పటాలాల జీతాల కోసం హైదరాబాదు సుబేదారు సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను బుస్సీకి రాసిచ్చాడు. బుస్సీ ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సేనాని. అంటే ఇప్పటి నెల్లిమర్ల చుట్టుపక్కల పండిన పంట మీద శిస్తు, కాగితం ప్రకారం, ఒక వ్యాపార సంస్థ సిపాయిల జీతాల పద్దులోకి పోవాలి. అప్పటి ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ దీనికి ఒప్పుకోక నాగపూరు మరాఠాలను పిలిపించాడు. పిలిచినవాడికి ఒరిగింది తక్కువే. వాళ్ళు మాత్రం సర్కార్లను దోచుకుని పోయారు. భీమునిపట్నంలో డచ్చివాళ్ళ కోఠీని కూడా వదల్లేదు.

ప్రపంచ రాజకీయాల గురించి చెప్పే పుస్తకాలు సాధారణంగా ఒక గీత గీస్తాయి. గీతకు ఒక పక్క రాజ్యాలు: వాటికి జెండా, సరిహద్దు, సైన్యం, సంధి చేసుకునే హక్కు. ఇంకో పక్క రాజ్యేతర శక్తులు: బహుళజాతి కంపెనీలు, కార్మిక సంఘాలు, మత సంస్థలు, సాయుధ దళాలు, స్వచ్ఛంద సంస్థలు. ఈ రెండో రకం గత యాభై అరవై ఏళ్ళలో బలిసిందని, దానివల్ల రాజ్యాల పట్టు సడలుతోందని చెప్తారు. మన ఉత్తరాంధ్ర తీరంలో నిలబడి చూస్తే ఈ కథ తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ ముందు వచ్చినవి కంపెనీలే. రాజ్యాన్ని అవి కూలదోయలేదు, అవే రాజ్యమై కూచున్నాయి.

డచ్చి కంపెనీకి 1602లో వాళ్ళ ప్రభుత్వం ఇచ్చిన సనదు చూడండి. కోటలు కట్టుకోవచ్చు, సైనికులను పెట్టుకోవచ్చు, తూర్పు దేశాల ప్రభువులతో ఒప్పందాలు చేసుకోవచ్చు. ఇంగ్లీషు కంపెనీకి 1661లో రెండో చార్లెస్ ఇచ్చిన సనదులో క్రైస్తవేతర ప్రభువుల మీద యుద్ధం చేసే హక్కు, సంధి చేసుకునే హక్కు రెండూ ఉన్నాయి. భీమిలిలో డచ్చి కోఠీ, విశాఖలో ఇంగ్లీషు కోఠీ, వాటికి ఎగువా దిగువా ఫ్రెంచి పటాలాలు. మూడింటికీ యూరపులో వాటాదారులున్నారు, వాళ్ళకు ఏటా లాభాలు పంచాలి. భీమిలి డచ్చి శ్మశానంలో పదిహేడో శతాబ్దపు సమాధి రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాటి కింద ఉన్నవాళ్ళలో కంపెనీ జీతగాళ్ళే ఎక్కువ. బట్టలు కొనడానికి వచ్చి తుపాకీ పట్టినవాళ్ళు.

ఇప్పుడు ఆనందరాజు దగ్గరికి వద్దాం. తండ్రి బుస్సీని నమ్ముకున్నాడు కాబట్టి బుస్సీ తనకూ అదే మర్యాద ఇస్తాడని ఆయన ఆశపడ్డాడు. అది జరగలేదు. బుస్సీ 1757 జూన్ చివర్లో, అటు బెంగాల్లో ప్లాసీ యుద్ధం జరిగిన వారంలోనే, విశాఖలోని ఇంగ్లీషు కోఠీని పట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఫ్రెంచి సేనాధిపతి కౌంట్ లాలీ పుదుచ్చేరి నుంచి కబురు పెట్టి బుస్సీని వెనక్కి పిలిపించుకున్నాడు. మద్రాసును ముట్టడించాలన్నది లాలీ పట్టు. బుస్సీ స్థానంలో సర్కార్లకు వచ్చినవాడు కాన్‌ఫ్లాన్స్. అనుభవం లేనివాడు. ఆనందరాజు అదను కనిపెట్టాడు. 1758లో విశాఖను ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కుని, కోఠీని తిరిగి ఇంగ్లీషువాళ్ళకు ఇస్తాను, నాకు సైన్యం పంపండి అని కబురు చేశాడు. మద్రాసు వాళ్ళకు లాలీ భయం, సిపాయిని కూడా పంపలేమన్నారు. ఆయన కబురు కలకత్తాకు పంపాడు. అక్కడ కౌన్సిల్లో పెద్దలు వద్దన్నా గవర్నరు క్లైవు ఒప్పుకున్నాడు. కర్నల్ ఫోర్డు కింద సుమారు 500 మంది యూరోపియన్లను, 2,000 మంది సిపాయిలను ఓడలెక్కించాడు. అక్టోబరులో వాళ్ళు విశాఖలో దిగారు.

దీన్ని ఆనందరాజు వైపు నుంచి చూడాలి. ఆయన లెక్కలో తనో ప్రభువు. ఒక కూలి పటాలం పని బాగా చేయలేదు కాబట్టి దాన్ని మాన్పించి ఇంకో కూలి పటాలాన్ని పెట్టుకుంటున్నాడు. తండ్రి చేసింది అదే, అంతకుముందు గోల్కొండ వాళ్ళు చేసిందీ అదే. క్లైవు లెక్క వేరు. ఆ సమయంలో ఇంగ్లండూ ఫ్రాన్సూ మధ్య యూరపులో, అమెరికాలో, సముద్రాల మీద ఏడేళ్ళ యుద్ధం నడుస్తోంది. మద్రాసును ఒత్తుతున్న ఫ్రెంచి చేతిని ఇటు సర్కార్లలో వెనక్కి లాగితే అటు పట్టు సడలుతుంది. ఆనందరాజు కోపం క్లైవుకు దొరికిన సాకు.

ఫోర్డుకూ రాజుకూ ఒప్పందం కుదిరింది. షరతులు నాలుగైదే. దోపిడి సొమ్ము చెరిసగం. గెలిచిన భూములు రాజువి, శిస్తు ఆయనే వసూలు చేసుకుంటాడు. అయితే రేవులు, నదీముఖాల్లోని పట్నాలు, వాటికి చేరిన ఊళ్ళు కంపెనీవి. సైన్యం ఖర్చు రాజు భరించాలి. చదివితే రాజుదే పైచేయి అనిపిస్తుంది. నాకు మాత్రం రేవుల షరతు దగ్గర చూపు ఆగుతుంది. భూమి లోపల ఎంత పండినా అమ్మకానికి సముద్రం మీదికే పోవాలి. గుమ్మం ఎవరి చేతిలో ఉందో వాళ్ళే ఇంటి యజమాని అవుతారని ఆనందరాజుకు చెప్పేవాళ్ళు లేకపోయారు. లేదా చెప్పినా, తండ్రి పగ, తన అవమానం ముందు అది ఆనలేదు.

యుద్ధం 1758 డిసెంబరులో పిఠాపురానికి ఉత్తరాన చందుర్తి దగ్గర జరిగింది. ఇంగ్లీషువాళ్ళు కాండోర్ అని రాసుకున్నది ఈ ఊరినే. ఆ రోజు జరిగిన ఒక చిన్న విషయం చెప్పి తీరాలి. ఫోర్డు తన యూరోపియన్ పటాలాన్ని నడుమ, సిపాయిలను రెండు పక్కలా నిలిపాడు. నడుమ పటాలం ముందు నిలువెత్తు పంటచేను ఉంది. ఆ చేను చాటున తెల్లవాళ్ళు కనబడలేదు. పక్కనున్న సిపాయిలకేమో ఎర్రకోట్లు తొడిగి ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళు ఆ ఎర్రకోట్లను చూసి ఇంగ్లీషు పటాలం అదేననుకున్నారు. తమ బలగమంతా అటు తిప్పారు. సిపాయిలు తట్టుకోలేక వెనక్కి తగ్గారు. ఫ్రెంచివాళ్ళు వరస చెడి, గెలిచేశామన్న హుషారులో వెంటపడ్డారు. అప్పుడు చేను దాటుకుని అసలు పటాలం వచ్చింది. ఆ తర్వాత యుద్ధం ఎక్కువసేపు సాగలేదు. ఫ్రెంచి శిబిరం, ఫిరంగులు దొరికిపోయాయి. ఆనందరాజు వేల మంది బంటులతో వచ్చాడు గానీ వాళ్ళు దాదాపు చూస్తూ నిలబడ్డారని ఇంగ్లీషు రాతలు ఎకసెక్కంగా చెప్తాయి. ఆ ఎకసెక్కాన్ని యథాతథంగా నమ్మనక్కర్లేదు. గెలుపును పూర్తిగా తమ ఖాతాలో వేసుకోవాలనుకునేవాడు అలాగే రాస్తాడు.

గెలిచాక తగాదా మొదలైంది, డబ్బు దగ్గర. రాజు ఇస్తానన్న ఖర్చు ఇవ్వలేదు. ఫోర్డు దగ్గర సిపాయిలకు జీతాలు లేవు. గెలిచిన సైన్యం వారాల తరబడి ముందుకు కదల్లేకపోయింది. చివరికి షరతులు తిరగరాశారు. రాజు ఇకమీదట ఇచ్చే సొమ్మును ఖర్చుగా కాక కంపెనీకి అప్పుగా రాసుకోవాలి. గోదావరి అవతల గెలిచే భూముల శిస్తులో, ఫ్రెంచివాళ్ళ సొంతమైనవి తప్పించి, చెరిసగం. అంటే ఆ రోజున కంపెనీ బాకీదారు, రాజు అప్పిచ్చినవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత పద్దు తిరగబడుతుంది.

1759 ఏప్రిల్లో ఫోర్డు మచిలీపట్నం కోటను రాత్రివేళ ఎక్కి పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్ళకు సాయంగా బయలుదేరి వచ్చిన సలాబత్ జంగ్, కోట పోయిందని తెలిసి, మే నెలలో ఫోర్డుతోనే సంధి చేసుకున్నాడు. మచిలీపట్నం, నిజాంపట్నం కంపెనీకి ఇనాములయ్యాయి. ఆనందరాజుకు పెద్దగా ఏమీ మిగల్లేదు. కొద్ది కాలానికే మశూచితో పోయాడు. పన్నెండేళ్ళ కుర్రవాడిని దత్తత తెచ్చి విజయరామరాజు అని పేరుపెట్టి గద్దె మీద కూచోబెట్టారు. పెత్తనం మాత్రం ఆ కుర్రవాడి సవతి అన్న సీతారామరాజు చేతికి పోయింది.

1765 ఆగస్టు 12న క్లైవు పాదుషా షా ఆలం నుంచి బెంగాలు దివానీతో పాటు ఈ సర్కార్లకూ ఫర్మానా రాయించుకున్నాడు. హైదరాబాదు సుబేదారు నిజాం అలీ ఒప్పుకోడని తెలిసి 1766 నవంబరు 12న ఆయనతో వేరుగా సంధి చేసుకున్నారు. ఈ బేరసారాల్లో కంపెనీ తరఫున తిరిగినవాడు కాండ్రేగుల జోగిపంతులు అనే దుబాసీ. సైన్యం లేదు, సనదు లేదు. భాషలు తెలుసు, దర్బారుల మర్యాదలు తెలుసు, ఎవరికి ఎంత ముట్టాలో తెలుసు. మన చరిత్ర పుస్తకాలు క్లైవుకు ఇచ్చిన పేజీల్లో పదో వంతు కూడా దుబాసీలకు, షావుకార్లకు ఇవ్వలేదు. కంపెనీకి కట్టాల్సిన పేష్కషు, అంటే కప్పం, గడువు దగ్గర పడితే రాజులకు చేబదులు ఇచ్చింది షావుకార్లు. కంపెనీకి హామీ పడింది వాళ్ళే. రాజుకూ కంపెనీకీ మధ్య నడిచిన ప్రతి కాగితం వాళ్ళ చేతుల మీదుగానే పోయింది.

సీతారామరాజు సమర్థుడు, అంతకన్నా ఎక్కువ ఆశపోతు. కంపెనీ సిపాయిలను వాడుకుని కొండల్లోని చిన్న దొరలను లొంగదీశాడు. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డు జమీందార్లంతా మద్రాసుకు వచ్చి తన దగ్గర లెక్క తేల్చుకోవాలని హుకుం జారీ చేశాడు. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆనాటి దారుల్లో. సీతారామరాజు వెళ్ళాడు. వెళ్ళి దివాన్‌గిరీ ఖాయం చేయించుకున్నాడు. విజయరామరాజు వద్దన్నా ఆయన నెత్తిన అన్నను కూచోబెట్టారు. ఇందులో లంచం నడిచిందన్న ఆరోపణ లండన్ దాకా పోయింది. రంబోల్డు మీద పార్లమెంటులో శిక్షా బిల్లు పెట్టారు, 1783లో అది చల్లారిపోయింది. విజయనగరం దివాను ఎవరన్న తగాదా బ్రిటన్ పార్లమెంటులో పంచాయితీ అయిందన్నది నాకు ఎప్పటికీ వింతే. కంపెనీని అదుపులో పెట్టాలని ఆ పార్లమెంటు 1773లో ఒక చట్టం, 1784లో ఇంకో చట్టం తెచ్చింది. రాజ్యం తన సొంత కంపెనీకి కళ్ళెం వేయడానికి ప్రయత్నించిన తొలి రోజులవి. ఆ కళ్ళెం వల్ల వాటాదారుల మీద, గవర్నర్ల మీద నిఘా పెరిగింది. ఇక్కడి రాజుల మీద బరువు మాత్రం తగ్గలేదు సరిగదా, పేష్కషు వసూలు ఇంకా కచ్చితమైంది.

అలా 1793 వచ్చింది. ఒకప్పుడు అప్పిచ్చిన ఇల్లు ఇప్పుడు బాకీ పడింది. పేష్కషు బకాయిలంటూ కంపెనీ లెక్క చూపించింది. విజయనగరం కోటలోకి పటాలాన్ని పంపి జమీను స్వాధీనం చేసుకుంది. నెలకు 1,200 రూపాయల భత్యం ఇస్తాం, మచిలీపట్నం వెళ్ళి ఉండమని విజయరామరాజుకు చెప్పింది. ఆయన బయలుదేరినట్టే బయలుదేరి పద్మనాభం దగ్గర ఆగిపోయాడు. విజయనగరానికీ భీమిలికీ మధ్య, కొండ మీద అనంత పద్మనాభస్వామి వెలసిన ఊరు. నెల్లిమర్ల నుంచి ఇప్పుడైతే గంట లోపు ప్రయాణం. అక్కడికి బంధువులు, బంటులు, ఊళ్ళ రాజులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. వెళ్ళిపొమ్మని కంపెనీ, వెళ్ళనని రాజు. 1794 జూలై 10 తెల్లవారుజామున కర్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలం మీదపడింది. గంట కూడా పట్టలేదు. రాజు, ఆయన చుట్టూ నిలిచిన రాజబంధువులు చాలామంది అక్కడే పడిపోయారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పద్మనాభాన్ని 'తిరుగుబాటు' అని రాసినవాళ్ళున్నారు. తిరుగుబాటు అనాలంటే ముందు కంపెనీని ప్రభుత్వమని ఒప్పుకోవాలి. నా దృష్టిలో అది బాకీ వసూలు. అప్పులవాడు సైన్యంతో వచ్చి జప్తు చేసిన సంఘటన. కాకపోతే జప్తు చేసింది ఒక ప్రాంతాన్ని, అందులోని మనుషులతో సహా. ఆ తర్వాత కొడుకు నారాయణబాబును కొండదొరలు కాపాడుకున్నారు. మన్యం రగిలింది. కంపెనీకి సైన్యం ఖర్చు పేష్కషు కన్నా ఎక్కువయ్యే పరిస్థితి వచ్చాక పిల్లవాడిని పిలిచి జమీను ఇచ్చింది, చాలా ఊళ్ళు తెంచుకుని. 1802 శాశ్వత శిస్తు నాటికి విజయనగరం 1,157 గ్రామాల జమీందారీ, ఏటా అయిదు లక్షల పేష్కషు. సొంతంగా సంధులు చేసుకున్న ఇల్లు కట్టుబడి కౌలుదారు అయింది. బట్టల బేరానికి వచ్చిన సంస్థ సర్కారు అయింది.

మూడు కంపెనీల చివరి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫ్రెంచి కంపెనీ గుత్తాధిపత్యం 1769లో పోయింది. డచ్చి కంపెనీ అప్పుల్లో మునిగి 1799 ఆఖరుకు మూతపడింది, దాని బాకీలు వాళ్ళ ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. భీమిలి మాత్రం 1825లో ఇంగ్లీషువాళ్ళకు చేతులు మారింది, ఏ భీమిలివాసినీ అడక్కుండా, రెండు యూరపు రాజ్యాలు ముందటేడు చేసుకున్న ఒప్పందం ప్రకారం. ఇంగ్లీషు కంపెనీ 1833 చట్టంతో వ్యాపారం పూర్తిగా మానేసింది. 1858లో పాలన కూడా పోయింది.

కంపెనీలు పోయాయి గానీ రేవు, నార, పద్దు ఎక్కడికీ పోలేదు. నెల్లిమర్ల పేరు ప్రపంచ వ్యాపారంలోకి వచ్చింది జూట్ మిల్లు వల్ల. ఆ కథకు మొదలు ఇక్కడ లేదు, నల్లసముద్రం ఒడ్డున ఉంది. 1853లో మొదలైన క్రిమియా యుద్ధంతో రష్యా నుంచి అవిసె నార, హెంప్ నార రాక తగ్గి, స్కాట్లండులోని డండీ మిల్లులు బెంగాలు జనపనార (జూట్) వైపు తిరిగాయి. 1855లో కలకత్తా పక్కన రిష్రాలో మిల్లు లేచింది. మన జిల్లాల్లో జనపనార స్థానంలో గోగు. నార వ్యాపారంలో దాని పేరే బిమ్లీ, భీమిలి రేవు మీదుగా పోయింది కాబట్టి. 1890ల్లో రైలు పడ్డాక సరుకు పట్టాలెక్కింది, 1933లో విశాఖ ఓడరేవు వచ్చాక భీమిలి చిన్నబోయింది.

గోగు పని చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. కోసిన గోగు కట్టలను చెరువులో, గెడ్డలో ముంచి పైన బరువులు పెట్టి ఊరవేస్తారు. బెరడు కుళ్ళి నార వదలడానికి రెండు వారాల దాకా పడుతుంది. మొలలోతు నీళ్ళలో నిలబడి ఒక్కో పుల్లనూ వలిచి నార తీయాలి. ఆ నీటి కంపు ఊరంతా కొడుతుంది, చేతుల చర్మం పాలిపోతుంది. ఆరబెట్టిన నార కట్టలై మిల్లుకు చేరితే అక్కడ నూనె తడి పట్టించి, ఏకి, వడికి, నేసి గోనెలు కుడతారు. వడుకు ఖాతాలో దుమ్ము తెల్లగా గాలిలో తేలుతూ కళ్ళరెప్పల మీద వాలుతుంది. ఈ పని చేసేవాడి కూలిని ఎవరు నిర్ణయిస్తారు? మిల్లు మేనేజరు, అనుకుంటాం.

ఆ కూలి మీద చెయ్యేసినవాళ్ళు చాలామంది. 1884లో కలకత్తాలో మిల్లు యజమానుల సంఘం పుట్టింది. 1886లో వాళ్ళు అందరూ కలిసి మరమగ్గాలు నడిపే గంటలు తగ్గించుకుందామని ఒప్పందం చేసుకున్నారు, గోనె ధర పడిపోకుండా. ఏ ప్రభుత్వ ఆజ్ఞా లేదు. నలుగురు వ్యాపారులు ఒక గదిలో కూచుని ప్రపంచపు గోనెల ధరను కాసుకున్నారు. 1947లో సరిహద్దు గీసినప్పుడు మిల్లులు ఇటు, మంచి జనపనార పొలాలు అటు తూర్పు పాకిస్తాన్‌లో పడ్డాయి. 1949 సెప్టెంబరులో మన రూపాయి విలువ తగ్గించి, పాకిస్తాన్ తగ్గించకపోవడంతో రెండు దేశాల మధ్య సరుకు ఆగిపోయింది. నార కోసం మిల్లులు అల్లాడాయి, గోగు లాంటి పంటలకు గిరాకీ పెరిగింది. కరాచీలో తీసుకున్న నిర్ణయం, ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం మన గెడ్డల్లో ఊరవేతగా మారాయి. తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది, అది ఏ రాజ్యం ఆజ్ఞతోనూ రాలేదు. దాన్ని ఎదుర్కోవడానికి జూట్ పండించే దేశాలు, కొనే దేశాలు కలిసి 1984లో ఢాకాలో అంతర్జాతీయ జూట్ సంస్థను పెట్టుకున్నాయి. 1987లో మన పార్లమెంటు ధాన్యాన్ని, పంచదారను గోనెల్లోనే కట్టాలని చట్టం చేసింది. ఈ చట్టమే లేకపోతే దేశంలో చాలా మిల్లులు ఎప్పుడో మూతపడేవి. 2017 జనవరిలో బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకుల మీద డంపింగ్ వ్యతిరేక సుంకం వేశారు. చట్టం ఉన్నా భీమిలి దగ్గరి చిట్టివలస జూట్ మిల్లు మాత్రం 2009లోనే మూతపడింది.

ఈ పద్దులో ఇంకో శక్తి ఉంది, దాన్ని ప్రపంచ రాజకీయాల పుస్తకాలు చివరి వరసలో కూచోబెడతాయి: కార్మిక సంఘం. నెల్లిమర్లలో జూట్ కార్మికుల పోరాటాలకు పెద్ద చరిత్రే ఉంది. 1994 జనవరిలో ఆందోళనకు దిగిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అయిదుగురు చనిపోయారు. మిల్లు, నార, గోనెల ధర, కలకత్తా మిల్లు యజమానులు, తూర్పు బెంగాలు పొలాలు, ఇన్ని చేతులున్న వ్యవహారంలో రాజ్యం నెల్లిమర్ల కార్మికుడి ముందు నేరుగా కనిపించింది తుపాకీ రూపంలో. ఏప్రిల్లో మొరాకోలోని మరాకెష్ నగరంలో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద దేశాలు సంతకాలు పెట్టాయి. రెండూ ఒకే ఏడాది సంగతులు. ఒకదానికి ఒకటి కారణమని నేను అనను. కానీ ఆ ఏడాది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది రెండోది మాత్రమే.

రాజాం సంగతితో ముగిస్తాను, మొదట్లో పాపారాయుడు అక్కడినుంచే వచ్చాడు గనక మళ్ళీ అక్కడికి వెళ్తున్నాననుకోకండి, అసలు కథే అక్కడిది. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు వ్యాపారం ఒక జూట్ మిల్లుతో మొదలైంది. అదే పెరిగి జీఎంఆర్ గ్రూపు అయింది, గోనెల నుంచి విమానాశ్రయాల దాకా. 2010 జూన్‌లో ఆ సంస్థ, మలేసియా విమానాశ్రయాల సంస్థతో కలిసి, మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయాన్ని పాతికేళ్ళకు తీసుకుంది. పెట్టుబడి సుమారు 50 కోట్ల డాలర్లు. టెండరుకు సలహాదారు ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఐఎఫ్‌సీ. ప్రయాణికుడి దగ్గర 25 డాలర్ల రుసుము వసూలు చేయడం మీద గొడవ మొదలైంది. 2011 డిసెంబరులో అక్కడి కోర్టు దానికి అడ్డుచెప్పింది. 2012లో అధ్యక్షుడు నషీద్ దిగిపోయాడు. కొత్త ప్రభుత్వం నవంబరు 27న ఒప్పందం రద్దు చేసింది.

కంపెనీ సింగపూరు కోర్టుకెళ్ళింది, ఒప్పందంలో వివాదాలకు రాసుకున్న చోటు అదే. డిసెంబరు 6న అక్కడి అప్పీలు కోర్టు, విమానాశ్రయాన్ని వెనక్కి తీసుకునే అధికారం మాల్దీవుల ప్రభుత్వానికి ఉందని తేల్చింది. కంపెనీ ఖాళీ చేసి వచ్చేసింది. 2014లో మధ్యవర్తుల తీర్పు మాత్రం ఒప్పందం చెల్లుతుందని, రద్దు తప్పని చెప్పింది. 2016లో నష్టపరిహారం ఖరారైంది, సుమారు 27 కోట్ల డాలర్లు. మాల్దీవులు కట్టింది. ఈలోగా రన్‌వే పని ఒక చైనా ప్రభుత్వ సంస్థకు పోయింది. వ్యాపార తగాదాగా మొదలైంది భారత్, చైనా పలుకుబడుల లెక్కలో ఒక అంకె అయి కూచుంది.

1758తో దీన్ని పోల్చిచూస్తే నాకు కనబడే తేడా ఒక్కటే. పోల్చడానికి పెద్దగా సామ్యం లేదని కూడా ముందే చెప్తున్నాను: జీఎంఆర్‌కు పటాలాలు లేవు, సనదులు లేవు. మాల్దీవులు చిన్న దేశమే అయినా పొమ్మని చెప్పగలిగింది, పద్దు తప్పైతే ఎంత కట్టాలో ఇద్దరికీ పరాయివాళ్ళయిన మధ్యవర్తులు చెప్పారు. విజయరామరాజు బకాయి నిజంగా ఎంతో తేల్చడానికి పద్మనాభం దగ్గర అలాంటి గది లేదు. లెక్క రాసినవాడే వసూలు చేసినవాడు, తీర్పు చెప్పినవాడూ వాడే.

ఇప్పుడు అదే గ్రూపు నెల్లిమర్ల నియోజకవర్గంలోని భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం కట్టే బాధ్యత తీసుకుంది. రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం 2020 జూన్‌లో, శంకుస్థాపన 2023 మే 3న. భూములు ఇచ్చినవాళ్ళ కాగితాలు, ఊళ్ళు మారినవాళ్ళ కాగితాలు ఇప్పుడు తాజాగా ఉన్నాయి. మరో నూరేళ్ళకు ఇవే చరిత్ర. ఆనందరాజు కాలం గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఇంగ్లీషువాళ్ళు దాచుకున్న దస్తావేజుల నుంచే వచ్చింది, మనవైపు పద్దులు చెదలు తినేశాయి.

అందుకే పాఠకులకు ఒక మనవి. చంపావతికి ఇటూ అటూ ఉన్న ఇళ్ళలో పాత కౌలు కాగితాలు, జమీందారీ రశీదులు, జూట్ మిల్లు హాజరు కార్డులు, సంఘం కరపత్రాలు, భూసేకరణ నోటీసులు ఉంటే పారేయకండి. తేదీ కనబడేలా ఫోటో తీసి పదిలపరచండి. ఎవరి దగ్గర ఏముందో మా పత్రికకు ఒక ఉత్తరం ముక్క రాయండి. వచ్చే భాగం 1845లో కాశీలో కన్నుమూసిన నారాయణ గజపతి గురించి, ఆయన వదిలివెళ్ళిన అప్పుల గురించి.